ఎక్కిలి హక్కులు

పెర్త్ పక్కనున్న ఫ్రీమాంటిల్‌లో టైల్స్ కొట్లో పనిచేసే డెస్ ట్రెలోర్‌కి రెండు చెవులు తప్ప వేరే ఆస్తి లేదని వాళ్లక్క బ్రిడీ కనిపించిన వాళ్లందరికీ చెప్పేది. అందులో అబద్ధం ఏమీ లేదు. ముప్ఫై ఆరేళ్లు వచ్చినా అక్క ఇంటి పెరట్లో ఉన్న రేకుల గదిలోనే అతని కాపురం. గదిలో ఒక మంచం, ఒక కంప్యూటర్, రెండు స్పీకర్లు, ఉతకాల్సిన బట్టల గుట్ట. పగలంతా కొట్లో నిలబడి తెలుపుకీ మీగడ తెలుపుకీ తేడా ఏమిటో జనానికి వివరించి, సాయంత్రం గదికి చేరి పాత బొమ్మల సినిమాలు పెట్టుకునేవాడు. చూడ్డానికి కాదు, వినడానికి.

సినిమాలో తలుపు కిర్రుమంటే ఆ కిర్రుని కత్తిరించి దాచేవాడు. బాతు ఉలిక్కిపడితే ఆ ఉలికిపాటుని దాచేవాడు. పది సినిమాల్లో పోగేసిన చప్పుళ్లని సాగదీసి, కుదించి, పక్కపక్కన పేర్చి, కింద బీటు వేసి పాట కట్టేవాడు. ఆ పాటలకి మాటలుండవు, అర్థం ఉండదు, వింటుంటే మాత్రం కాలు ఊరుకోదు. ప్రపంచం మొత్తం మీద ఒక రెండు వందలమంది వినేవాళ్లు. వాళ్లలో బ్రిడీ లేదు.

"ఏరా, ఇంకా ఆ పందికొక్కు తుమ్ముతూనే ఉందా? పాపం, దానికి మందైనా వెయ్యరాదూ?" అని కిటికీలోంచి కేకేసేది.

అప్పుడతను పని చేస్తున్నది 'దీపస్తంభంలో బాండికూట్' అనే సినిమా మీద. అరవై ఏళ్ల కిందట ఆ ఊళ్లోనే, ఒక పాత ఉన్ని గోడౌన్‌లో కూర్చుని, చేత్తో బొమ్మలు గీసి తీసిన సినిమా. బాండికూట్ అన్నది మన పందికొక్కు మాటే, ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి అలా తయారైంది. అక్కడి జంతువు వేరే, చూడ్డానికి కాస్త ముద్దొస్తుంది. సినిమాలో దీపస్తంభం కాసే బాండికూట్‌కి జలుబు చేస్తుంది. జాలరివాళ్ల పిల్ల ఒకతి పరుగెత్తుకొచ్చి పొగమంచు వస్తోందని హెచ్చరిస్తుంది. ఆ పిల్ల నోరు తెరవగానే ముందు ఎక్కిలి, తర్వాత మాట. డెస్ మాట తీసేసి ఎక్కిలి ఉంచుకున్నాడు. తలుపు కిర్రుతో మొదలుపెట్టి, కెటిల్ మూత టకటకని తాళం చేశాడు, తెడ్డు నీళ్లలో పడ్డ చప్పుడుని డోలు చేశాడు, తుమ్ముని నాలుగు ముక్కలు చేసి మధ్యమధ్యలో చల్లాడు. ఆ ఎక్కిలిని పై స్థాయికి ఎక్కించి, కిందికి దించి, దాని చేత రాగం పాడించాడు. దానికి 'పొగమంచు' అని పేరు పెట్టి లోకం మీదికి వదిలి పడుకున్నాడు.

ఎందుకో తెలీదు గానీ ఈసారి లోకం లేచి కూర్చుంది. వారం తిరగకముందే లక్షలమంది విన్నారు. బస్సుల్లో పిల్లలు "ఇహ్క్, ఇహ్క్" అంటూ తలలాడించారు. పెర్త్‌లో ఒక పళ్ల డాక్టరు పన్ను పీకేటప్పుడు ఆ పాట పెట్టి, రోగుల అరుపులు తాళంలో పడుతున్నాయని చెప్పాడు. మెల్‌బోర్న్ ప్రొఫెసర్ ఒకాయన ఎక్కిలి మీద పెద్ద వ్యాసం రాశాడు. వలస వచ్చి ఈ నేలని ఆక్రమించిన జాతి గొంతులో అడ్డం పడ్డ పశ్చాత్తాపమే ఆ ఎక్కిలి అన్నాడు. ఇంకో విమర్శకురాలు ఆయన్ని చీల్చి చెండాడి, అది నోరు నొక్కేసిన ఆడపిల్ల తిరుగుబాటు అంది. ఇద్దరూ ఒకే సభలో కొట్టుకున్నారు.

డెస్ అన్నీ చదివాడు. మొదట్లో రేడియోవాళ్లు అడిగితే "బాగుందనిపించి పెట్టానండీ" అనేవాడు. నెల తిరిగేసరికి "అది మౌనానికీ మాటకీ మధ్య ఉన్న గాయం" అనడం నేర్చుకున్నాడు. ఆ ముక్క రేడియోలో విన్న రోజు బ్రిడీ రేకుల గది తలుపు కొట్టింది.

"ఒరేయ్ డెస్, ఆ గాయానికి కట్టేదో కట్టి, చెత్తడబ్బాలు రోడ్డు మీద పెట్టు. పొద్దున్నే బండి వస్తుంది."

ఒక శుక్రవారం పాట మాయమైంది. పాట ఉండాల్సిన చోట నల్లటి పలక, దాని మీద 'హక్కుదారుల ఫిర్యాదు మేరకు తొలగించడమైనది' అన్న వాక్యం ఉన్నాయి. ఆ సినిమా హక్కులు ఎప్పుడో ఒక సిడ్నీ కంపెనీ చేతికి వెళ్లాయట. ఆ సంగతి ఆ కంపెనీవాళ్లకే సరిగా గుర్తున్నట్టు లేదు. వెంటనే లాయరు నోటీసు కూడా వచ్చింది. డెస్ భయపడిపోయి రెండు రోజులు కంప్యూటర్ ముట్టుకోలేదు.

జనం మాత్రం ఊరుకోలేదు. కంపెనీ తన కొత్త సినిమా గురించి ఏం చెప్పుకున్నా దాని కింద 'ఇహ్క్' అని రాసిపోయేవాళ్లు. కంపెనీ పాత డైరెక్టరెవరో కాలం చేస్తే పెట్టిన సంతాప సందేశం కింద కూడా వేలమంది 'ఇహ్క్' అన్నారు. దాంతో కంపెనీకి జ్ఞానోదయమైంది. ఫెనెల్లా మార్చ్‌బ్యాంక్ అనే ఆవిడ సిడ్నీ నుంచి విమానం దిగింది. ఆవిడ 'వారసత్వ ఆనందాల విభాగం' అధిపతి. సౌత్ టెరస్ వీధిలో ఒక కాఫీ హోటల్లో డెస్‌ని కూర్చోబెట్టి, ఓట్ పాల కాఫీ చెప్పింది.

"ముందుగా ఒక మాట, డెస్. మేం నిన్ను బెదిరించలేదు."

"నోటీసు వచ్చిందండీ."

"అది మా సాఫ్ట్‌వేర్ పంపింది. దానికి మనసు లేదు. మాకుంది. నీ పాటంటే మాకు ప్రాణం."

"మరి తీసేశారు కదా?"

"ప్రాణం కాబట్టే భద్రంగా దాచాం."

ఆవిడ చల్లగా నవ్వి అసలు సంగతి చెప్పింది. సినిమాకి అరవయ్యో పుట్టినరోజు వస్తోంది. సముద్రం పక్కన ఎస్ప్లనేడ్ పార్కులో పెద్ద ఉత్సవం చేస్తారు. అక్కడ 'పొగమంచు' అధికారికంగా వినిపించాలి. డెస్సే కట్టాలి. కంపెనీ పేరు పైన ఉంటుంది, అతని పేరు కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది.

"ఒక్క చిక్కుంది. బాండికూట్‌కి గొంతిచ్చినాయన సంతకం పెట్టిన హక్కుల కాగితం మా దగ్గరుంది. సంగీతం కాగితం ఉంది. ఆ ఎక్కిలి ఎవరిదో మాత్రం ఎక్కడా లేదు. మా లాయర్లు తిండి మానేశారనుకో. ఆ మనిషిని వెతికి ఒక సంతకం పట్టుకురా, చాలు."

డెస్ రేడియోలో ఆ మాట చెప్పాడు. మర్నాడు టైల్స్ కొట్టుకి ఫోన్ వచ్చింది.

"ఎక్కిలి నాది. నువ్వెవడివి?" అంది అవతలి గొంతు.

ఆవిడ పేరు నెరిడా పోల్‌గ్లేస్. దక్షిణంగా గంట ప్రయాణంలో ఉన్న మాండురాలో ఉంటుంది. డెస్ కారు వేసుకుని వెళ్లేసరికి బౌల్స్ క్లబ్బులో, తెల్ల లాగూ తెల్ల టోపీతో, గడ్డి మీద బంతి దొర్లిస్తోంది. ఎనభై ఏళ్లకి దగ్గర పడ్డా నడుం నిటారుగానే ఉంది. ఆట అయ్యేదాకా అతన్ని ఎండలో నిలబెట్టి, గెలిచాక ఇంటికి తీసుకెళ్లి టీ ఇచ్చింది.

"మిసెస్ పోల్‌గ్లేస్ గారూ..."

"నెరిడా అను. ఆ పేరు వింటే మా అత్తగారు లేచొచ్చిందేమోనని వెనక్కి చూసుకోవాల్సొస్తుంది."

ఆవిడ ఆ సినిమాలో నటి కాదు. పందొమ్మిదేళ్లప్పుడు ఆ గోడౌన్‌లో బొమ్మలకి రంగులు వేసే పిల్ల. గొంతివ్వాల్సిన నటి ఆ రోజు రాలేదు. డైరెక్టరు గదిలోకి తొంగి చూసి, చేతికి తక్కువ రంగు అంటిన పిల్లని రమ్మన్నాడు. ఆవిడ భయంతో ఎక్కిలి పెట్టి, ఆ తర్వాత చెప్పాల్సిన మాట చెప్పింది. టేపు అయిపోవస్తోంది, ఉన్నది చాలన్నాడాయన. అంతే.

డెస్ ఆవిడ టోపీ తీయించి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి పాట వినిపించాడు. ఆవిడ కళ్లు మూసుకుని వింది. చేత్తో మోకాలి మీద తాళం కూడా వేసింది. డెస్ మనసు కుదుటపడింది. పాట అయ్యాక ఆవిడ కళ్లు తెరిచింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందండీ."

"మరి నా మాటేదీ?"

"ఏ మాటండీ?"

ఆవిడ కప్పు కిందపెట్టి, నిలబడి, గోడకేసి చూస్తూ చెప్పింది. "పొగమంచు కమ్ముకొస్తోంది మావయ్యా, దీపం ఆరనివ్వకు!"

ఆ ముసలి గొంతులోంచి పదేళ్ల పిల్ల పలికింది. డెస్‌కి చేతుల మీద వెంట్రుకలు లేచాయి. వెంటనే అతని బుర్ర దాన్ని ఎక్కడ కత్తిరించాలో లెక్క వేసుకుంది కూడా.

"అరవై ఏళ్లుగా మా ఆయనకి, పిల్లలకి, క్లబ్బులో చేరిన ప్రతి మనిషికి చెప్పుకుంటూ వచ్చాను, సినిమాలో నాకొక మాటుందని. మాట! ఎక్కిలి కాదు. ఆ ఎక్కిలి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. నువ్వేమో పండు పారేసి తొక్క తిన్నావు."

"ఆ ఎక్కిలి అంటే లోకం పడి చస్తోందండీ. ప్రొఫెసర్లు వ్యాసాలు రాస్తున్నారు. గొంతులో పశ్చాత్తాపం..."

"పశ్చాత్తాపమా? నాకా? దేనికీ?" అంది ఆవిడ అనుమానంగా. అంతలోనే మెత్తబడింది. "పోనీ, వాళ్లకి నచ్చితే ఉండనీలే. చదువుకున్నవాళ్లు. కానీ నా మాట మొత్తం ఉండాలి. ముక్కలు చెయ్యకూడదు. సాగదీయకూడదు. చిలక చేత పలికించినట్టు పదిసార్లు అనిపించకూడదు."

"అలాగేనండీ."

"మాటిస్తున్నావా?"

"ఇస్తున్నాను."

"అయితే ఆ రోజు విని, అప్పుడే సంతకం పెడతాను. ముందే సంతకం పెట్టించుకున్నవాడెవడూ మళ్లీ టీకి రాడు."

దారిలో డెస్ తనకి తానే చాలా మంచివాడిలా అనిపించాడు. ఆ మంచితనం కంపెనీ మీటింగుల దాకా నిలిచింది.

ప్రతి మంగళవారం కంప్యూటర్ తెర మీద గళ్లుగళ్లుగా మొహాలు ప్రత్యక్షమయ్యేవి. మధ్య గడిలో ఫెనెల్లా. మిగతావాళ్లలో ఎవరెవరో డెస్‌కి ఎప్పుడూ తెలియలేదు. వాళ్లు పాట విని, తలలూపి, అద్భుతమని, ఆ తర్వాత 'ఒక చిన్న సూచన' అనేవాళ్లు. బాండికూట్ తుమ్ము వద్దన్నారు. జనం ఇంకా జబ్బుల భయంలోంచి తేరుకోలేదు, తుమ్ము మీద డాన్స్ చేయించడం బాధ్యతారాహిత్యమట. డెస్ తుమ్ము తీసేశాడు. తెడ్డు చప్పుడు వింటే లైఫ్ జాకెట్ లేకుండా పడవెక్కిన మనిషి గుర్తొస్తాడని భద్రతా విభాగం గడి అంది. అదీ తీసేశాడు. కెటిల్ మూత దగ్గర పెద్ద చర్చే జరిగింది. ఉత్సవానికి ఖర్చు పెడుతున్నది ఒక కాఫీ కంపెనీ. కెటిల్ అంటే టీ.

"కెటిల్‌లో కాఫీకి కూడా నీళ్లు కాస్తారండీ," అన్నాడు డెస్.

"మంచి పాయింటు," అంది ఫెనెల్లా. "కానీ కాఫీ నీళ్ల చప్పుడు వేరేగా ఉంటుందని వాళ్ల అభిప్రాయం."

ఇక మిగిలింది తలుపు కిర్రు, ఎక్కిలి, నెరిడా మాట. మాట దగ్గర అంతవరకూ నోరు విప్పని ఒక గడి నోరు విప్పింది. దీపం కిరసనాయిలుది. దాన్ని ఆరనివ్వకు అనడం ఈ రోజుల్లో కాలుష్యాన్ని ప్రోత్సహించడమే. ఇంకొక గడి అందుకుంది. పైగా 'మావయ్యా' ఏమిటి? దీపం చూసుకునే బాధ్యత మగవాళ్లదేనా?

"ఆవిడకి మాటిచ్చానండీ," అన్నాడు డెస్.

"ఆ నిజాయితీనే మేం నీలో ప్రేమించేది," అంది ఫెనెల్లా. "వచ్చే మంగళవారానికి అది లేకుండా ఒకసారి వినిపిస్తావా? ఊరికే, విందాం."

మరుసటి మంగళవారం అది లేకుండా వినిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు పాటకి ఊపిరాడుతోందన్నారు. డెస్ కంప్యూటర్ కట్టేసి చాలాసేపు మంచం మీద కూర్చున్నాడు. నెరిడా ఫోన్ చేసి "నా మాట బాగా వచ్చిందా?" అని అడిగినప్పుడల్లా "భలేగా వచ్చిందండీ" అన్నాడు. అబద్ధం చెప్పడం కూడా చప్పుడు కత్తిరించడం లాంటిదే, మొదటి ముక్కే కష్టమని అతనికి తెలిసొచ్చింది.

ఉత్సవం రోజున ఎస్ప్లనేడ్ పార్కు కిక్కిరిసింది. తాతలు మనవళ్లని భుజాలకెత్తుకొచ్చారు. బాండికూట్ వేషం వేసిన కుర్రాడు ఎండకి సొమ్మసిల్లి, తల పక్కన పెట్టుకుని చెట్టు కింద పడుకుంటే, చిన్నపిల్లలు బాండికూట్ చచ్చిపోయిందని ఏడ్చారు. మధ్యాహ్నం దాటాక డాక్టరు వచ్చాడు. ఆ ఊళ్లో డాక్టరంటే సముద్రం మీంచి లేచే చల్లగాలి. మాండురా నుంచి బస్సు వేసుకుని బౌల్స్ క్లబ్బు మొత్తం దిగింది, అందరూ తెల్లబట్టల్లో. నెరిడా ముందు వరసలో కూర్చుని, వేడి చిప్స్ పొట్లం విప్పి, వెనిగర్ ఓడుతుంటే గబగబా తింటోంది. అరవై ఏళ్ల తర్వాత తన మాట నలుగురిలో వినబోతోంది మరి!

మేయరు మాట్లాడాడు. ఫెనెల్లా మాట్లాడింది. తర్వాత పెద్ద తెర వెలిగి, అధికారిక 'పొగమంచు' మొదలైంది.

తలుపు కిర్రుమంది.

కాసేపయ్యాక, "ఇహ్క్".

మళ్లీ తలుపు కిర్రుమంది.

జనం ఓపికగా నిలబడ్డారు. రెండు నిమిషాలు గడిచాక వెనకనుంచి ఎవరో కేకేశారు. "మైకులు బాగానే ఉన్నాయి గానీ, ఇక పాట వెయ్యండి గురూ!"

పాట అయిపోయింది. మేయరు చప్పట్లు కొట్టాడు, ఆయనకి అలవాటు. డెస్ మాత్రం స్టేజీ పక్కన బల్ల వెనక, తల పైకెత్తకుండా నిలబడ్డాడు. తెల్ల బూట్లు మెట్లెక్కి వచ్చి అతని ముందు ఆగాయి.

"డెస్. నా మాటేదీ?"

"తీసేశారండీ."

"ఎవరు?"

ఫెనెల్లా గబగబా అడ్డం వచ్చింది. "నెరిడా, కమిటీ చాలా లోతుగా ఆలోచించి..."

"నిన్నడగలేదమ్మా. మాటిచ్చినవాణ్ణి అడుగుతున్నా."

డెస్ అప్పుడు తలెత్తాడు. "నేనే తీశానండీ. వాళ్లు అడిగారు, నేను తీశాను. ఫోన్లో చెప్పింది కూడా అబద్ధమే."

ఆవిడ అతన్ని తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. అంతకంటే కష్టంగా ఉంది. ఎండకి మాడిన ఆ మొహంలో పందొమ్మిదేళ్ల పిల్ల ఒకతి చిన్నబోయి వెనక్కి తగ్గడం అతనికి కనిపించింది. అయితే అది ఒక్క క్షణమే. నెరిడా చరచరా వెళ్లి మేయరు చేతిలోంచి మైకు లాక్కుంది.

"నా పేరు నెరిడా పోల్‌గ్లేస్. ఈ సినిమాలో నాకొక మాటుంది. వినండి."

టోపీ సర్దుకుంది. గొంతు సవరించుకుంది. "పొగమంచు కమ్ముకొస్తోంది మావయ్యా, దీపం ఆరనివ్వకు!"

పార్కంతా హోరెత్తింది. యాభై దాటినవాళ్లంతా ఆ మాట చిన్నప్పుడు ఎప్పుడో విని మర్చిపోయినవాళ్లు. ఒక ముసలాయన లేచి "ఆరనివ్వను తల్లీ!" అని అరిచాడు. ఆవిడ మళ్లీ చెప్పబోయింది. ఉప్పు, వెనిగర్, సంతోషం అన్నీ ఒకేసారి గొంతులో అడ్డం పడ్డాయి.

"పొగమంచు... ఇహ్క్!"

జనం గోల చేశారు. ఆవిడ నోరు మూసుకుంది. లాభం లేదు. "ఇహ్క్! ఇహ్క్!" ఆగకుండా వస్తున్నాయి, అదీ సరిగ్గా తాళం ప్రకారం.

డెస్ చేతులు ఏం చేస్తున్నాయో అతనికి తెలిసేలోపే అవి పని మొదలుపెట్టాయి. కెటిల్ మూత టకటకలాడింది. తెడ్డు నీళ్లలో దబ్బున పడింది. బాండికూట్ పార్కు అదిరేలా తుమ్మింది. ఫెనెల్లా "డెస్, దానికి అనుమతి లేదు! దానికీ లేదు!" అని ఒక్కొక్క చప్పుడుకీ అరుస్తూనే ఉంది, ఆ అరుపులు కూడా తాళంలోనే పడ్డాయి. బౌల్స్ క్లబ్బు తెల్లబట్టలన్నీ లేచి గంతులేశాయి. నెరిడా ఎక్కిలికీ ఎక్కిలికీ మధ్య తన మాట ఇరికిస్తూ, స్టేజీ మీద రాణిలా అటూ ఇటూ తిరిగింది.

సరిగ్గా అప్పుడు పెద్ద తెర నల్లబడింది. 'హక్కుదారుల ఫిర్యాదు మేరకు ఈ ప్రసారం నిలిపివేయడమైనది.'

కంపెనీ ఉత్సవాన్ని కంపెనీయే దేశమంతా ప్రత్యక్షంగా చూపిస్తోంది. అందులో కంపెనీకి చెందిన ఎక్కిలిని ఎవరో అనుమతి లేకుండా వాడుతున్నట్టు కంపెనీ సాఫ్ట్‌వేర్ పట్టేసింది. ముద్దాయి పేరు దగ్గర కంపెనీ పేరే ఉంది. ఫెనెల్లా ఫోన్ తీసి సొంత ఆఫీసుకి చేసింది. ఆవిడ ఫోన్ తమకెంతో విలువైనదని, దయచేసి లైన్లో ఉండమని ఒక తియ్యటి గొంతు చెప్పింది. జనం డాన్స్ ముగించి ఇళ్లకి వెళ్లేదాకా ఆవిడ లైన్లోనే ఉంది.

ఉత్సవం అయ్యాక నెరిడా డెస్‌తో మాట్లాడలేదు. సంతకం పెట్టకుండానే బస్సెక్కి వెళ్లిపోయింది. అతను క్షమాపణ చెప్పడానికి మాండురా వెళ్తే, తలుపు సగం తెరిచి, "టీ అయిపోయింది" అంది. మళ్లీ వెళ్తే కూడా అయిపోయింది. మూడోసారి ఆవిడే ఫోన్ చేసింది, మంటలు కక్కుతూ.

"ఏమయ్యా, నా గొంతు దొంగసొమ్మట!"

క్లబ్బువాళ్లు ఆ రోజు తీసిన వీడియో తమ పేజీలో పెట్టుకుంటే, దాన్ని కూడా సాఫ్ట్‌వేర్ తీసేసింది. అభ్యంతరం చెప్పుకుంటే, సదరు ఎక్కిలి కంపెనీ ఎక్కిలిని నూటికి నూరుపాళ్లు పోలి ఉందని, అనుకరణ కాదని రుజువు చేసుకోవాలని జవాబు వచ్చింది.

"నన్ను నేనే అనుకరిస్తున్నానా? అసలు నేను ఎవర్ని మరి?" అంది ఆవిడ.

ఆ సంగతి డెస్ మళ్లీ రేడియోలో చెప్పాడు. ఈసారి గాయం, మౌనం లాంటి ముక్కలేవీ వాడలేదు. "ఆవిడ ఎక్కిలి ఆవిడదండీ, అంతే," అన్నాడు. ఆ ప్రొఫెసర్ మాత్రం ఇంకో వ్యాసం రాశాడు. కంపెనీ పరువు మళ్లీ బజారున పడింది. ఫెనెల్లా మళ్లీ విమానం దిగింది. లాయర్లు తలలు పట్టుకుని ఒక దారి కనిపెట్టారు. పాత ఎక్కిలికి అటు కంపెనీ దగ్గరా కాగితం లేదు, ఇటు నెరిడా దగ్గరా లేదు. కాబట్టి కాగితంతో సహా కొత్త ఎక్కిలి ఒకటి రికార్డు చేసుకుంటే గొడవే ఉండదు.

నెరిడా ఒప్పుకుంది. మాట కూడా మొత్తంగా రికార్డు చెయ్యాలని, చప్పుళ్లు పట్టే పనికి డెస్ తప్ప ఇంకెవరూ కుదరదని షరతు పెట్టింది.

"నా మీద కోపం పోయిందాండీ?" అన్నాడు డెస్.

"పోలేదు. కానీ నువ్వు అబద్ధం చెబితే మొహంలో తెలిసిపోతుంది. ఆ సిడ్నీ అమ్మాయి మొహంలో తెలీదు. తేడా అదే."

పెర్త్‌లో స్టూడియో. అద్దం అవతల ఫెనెల్లా, ఒక లాయరు. మాట అద్భుతంగా వచ్చింది. నెరిడాకి తృప్తి లేక పదే పదే చెప్పింది, ప్రతిసారీ ముందటికంటే బాగా. ఇక ఎక్కిలి. ఎండు బిస్కెట్లు తినిపించారు. సోడా తాగించారు. ముందుకు వంచి నీళ్లు తాగించారు. లాయరు వెనకనుంచి వచ్చి "భౌ" అన్నాడు. ఆవిడ అతని వైపు జాలిగా చూసింది. సాయంత్రం దాకా చూసినా గొంతు గుటకైనా వెయ్యలేదు.

"పోనీ, ఎక్కిలి పెట్టినట్టు నటించగలరా?" అని అడిగాడు లాయరు.

ఆవిడ నిటారుగా లేచి నిలబడింది. "అబ్బాయ్, నేను రంగులేసేదాన్ని. మోసగత్తెని కాదు."

అంతటితో ముగిసింది. తర్వాత కంపెనీవాళ్లు సిడ్నీలో ఒక నటి చేత ఎక్కిలి పెట్టించుకుని అధికారిక పాట విడుదల చేశారు. ఆ పిల్ల చాలా చక్కగా, శుభ్రంగా ఎక్కిలి పెట్టింది. ఎవరూ వినలేదు. ఫెనెల్లాకి 'భవిష్యత్ జ్ఞాపకాల విభాగం'లోకి పదోన్నతి వచ్చింది.

స్టూడియోలో పని ఆగిన ఆ సాయంత్రమే డెస్ నెరిడాని మాండురాకి దిగబెట్టడానికి హైవే ఎక్కాడు. ఇద్దరూ అలసిపోయి ఉన్నారు. ఎడమపక్క ఎండిన గడ్డి, కుడిపక్క ఎక్కడో ఇళ్ల వెనక సముద్రం. ఆవిడ సీటు వెనక్కి వాల్చుకుని, లాయరు మొరిగిన తీరు చేసి చూపించింది. డెస్ పగలబడి నవ్వాడు. ఆవిడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది.

"ఇహ్క్."

డెస్ నవ్వు ఆపి ఆవిడకేసి చూశాడు.

"ఇహ్క్."

డెస్ చెయ్యి దానంతట అదే జేబులో ఫోన్ వైపు వెళ్లింది. సగం దారిలో ఆగింది. "పట్టమంటారా?" అని అడిగాడు.

ఆవిడ కాసేపు ఆలోచించింది. ఆ ఆలోచనలో ఇంకో రెండు వచ్చాయి.

"పడితే వెనకాలే కాగితం వస్తుంది. ఇహ్క్. నువ్వు రోడ్డు చూసి నడుపు. ఆ లారీకి అంత దగ్గరగా పోతావేం?"

డెస్ లారీకి దూరం జరిగాడు. మాండురా వచ్చేదాకా ఆవిడ అతని నడపడంలో తప్పులు పడుతూనే ఉంది, ఎక్కిళ్లు పెడుతూనే ఉంది.